దేశం 8.2 శాతం పెరిగితే కావలిలో కౌంటర్ మీద ఎందుకు కనిపించదు?

కావలిలో హార్డ్‌వేర్ షాపు నడిపే ఆయన అడిగింది క్లుప్తంగా ఇదీ: "టీవీ పెడితే దేశం 8 శాతం పైన పెరిగిందంటున్నారు. మా షాపులో చూస్తే ఏడాదిగా బేరం నిలబడిపోయినట్టే ఉంది. అరువులు మాత్రం పెరిగాయి. ఈ లెక్కలు నిజమేనా? అసలు ఏ రంగం బాగుంది? ఇంకో గోడౌన్ కొందామనుకుంటున్నా, బ్యాంకు వాళ్లు లోన్ ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?"

నేను బ్యాంకులో అప్పుల విభాగంలో చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల బ్రాంచీల్లోనే గడిచింది. రైస్ మిల్లులు, రొయ్యల చెరువులు, చీమకుర్తి గ్రానైట్, పొగాకు బ్యారన్లు (ఆకు ఆరబెట్టే కొట్టాలు), మీలాంటి షాపులు, వీళ్ల ఫైళ్లే చూస్తూ వచ్చాను. కాబట్టి దేశం లెక్క చెప్పినా చివరికి మీ చిట్టా దగ్గరికే తెస్తాను.

ముందు మీ అనుమానం సంగతి. లెక్కలు దొంగవని నేననను. వాట్సాప్ గ్రూపుల్లో ఎవరి పార్టీని బట్టి వాళ్లు ఆ అంకెని ఎత్తడమో దించడమో చేస్తుంటారు, దాన్ని పక్కన పెట్టండి. అసలు సంగతేమిటంటే, పేపర్లో వేసే అంకెకీ మీ చిట్టాలో అంకెకీ కొలత వేరు. పేపర్లో వచ్చేది ధరల పెరుగుదల తీసేసిన వృద్ధి. మీ చిట్టాలో ఉండేది రూపాయలు. ధరలు తీసేయకుండా రూపాయల్లోనే లెక్కేసిన జీడీపీ (దేశం మొత్తం ఉత్పత్తి విలువ) వృద్ధి కూడా అదే ప్రకటనలో, కింద ఎక్కడో ఒక వాక్యంలో ఉంటుంది. దాన్ని ఎవరూ హెడ్డింగులో పెట్టరు. వ్యాపారస్తుడు చూడాల్సింది మాత్రం దాన్నే.

ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. 2023-24లో ధరలు తీసేసిన వృద్ధి, సవరించిన లెక్క ప్రకారం, 9.2 శాతం. రూపాయల్లో 12 శాతం. 2024-25కి వచ్చేసరికి 6.5, రూపాయల్లో 9.8. ఇక మీరు టీవీలో విన్న 8.2 శాతం 2025 జులై-సెప్టెంబరు త్రైమాసికానిది. అప్పుడు రూపాయల్లో ఎంతో తెలుసా? 8.7. అంటే హెడ్డింగులో అంకె 6.5 నుంచి 8.2కి ఎక్కింది, రూపాయల వృద్ధి మాత్రం 9.8 నుంచి 8.7కి దిగింది. రెండూ ఒకే ఆఫీసు ఇచ్చిన లెక్కలే. ధరలు పెరగడం దాదాపు ఆగిపోయింది కాబట్టి రెండింటి మధ్య ఎడం అరశాతానికి వచ్చేసింది.

దేశం మొత్తానికి ఇది మంచి వార్తే. కొనేవాడికి ఊరట. కానీ అప్పు తీసుకున్నవాడు కిస్తీ కట్టేది రూపాయల్లో, షాపు అద్దె రూపాయల్లో, గుమాస్తా జీతం రూపాయల్లో. అమ్మకం రూపాయల్లో నెమ్మదిస్తే "దేశం 8 శాతం పెరిగింది సార్" అని చెబితే కిస్తీ కట్టినట్టు కాదు కదా.

ఇది మన జిల్లాలకి మరీ ఎందుకు తగులుతుందంటే, ధరలు పడింది ఎక్కువగా తిండి సరుకుల్లో. 2025 అక్టోబరులో చిల్లర ధరల ద్రవ్యోల్బణం 0.25 శాతం. ఆహార సరుకులు విడిగా తీస్తే ఏడాది కిందటి కంటే 5 శాతం తక్కువ. బెంగళూరులో ఉద్యోగం చేసుకునే కుర్రాడికి అది జేబులో మిగులు. బుచ్చిరెడ్డిపాళెంలోనో కోవూరులోనో వడ్లు పండించేవాడికి అదే అంకె రాబడిలో కోత. మీ షాపుకొచ్చి స్లాబు వేసుకుందామని కమ్మీ రేటు అడిగేది వీళ్లిద్దరిలో ఎవరో మీకే బాగా తెలుసు.

వడ్ల లెక్క ఒకటి చూపిస్తా. మన నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు. 2025-26కి ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకి 2,389 రూపాయలు. ఎనిమిదిన్నర క్వింటాళ్లకి 20,306 రూపాయలు పడుతుంది. కోతల ముమ్మరంలో కల్లం దగ్గరికొచ్చే దళారి ఈ ధర చెప్పడు. తేమ ఎక్కువంటాడు, తాలు ఉందంటాడు, మిల్లు దగ్గర లారీలు క్యూలో ఉన్నాయంటాడు. ప్రభుత్వ కొనుగోలుకి తేమ 17 శాతం దాటకూడదు. ఆరబెట్టుకోవడానికి చోటు లేనివాడు, కోత మిషన్ అద్దె వెంటనే ఇవ్వాల్సినవాడు ఎంతకో అంతకు ఇచ్చేస్తాడు. పుట్టి మీద వెయ్యి రూపాయలు తగ్గితే, ఎకరానికి మూడు పుట్లు పండే పది ఎకరాల రైతుకి ముప్పై వేలు పోయినట్టు. ఆ ముప్పై వేలే మీ షాపులో బాత్రూం టైల్స్, పైపులు, మోటారు.

ఇప్పుడు విచిత్రం చూడండి. నీళ్లు సరిగా లేని ఏడాది, సాగు తగ్గి, 2024లో ధర బాగా పలికింది. మరుసటి ఏడాది సోమశిల ప్రాజెక్టులో నీళ్లొచ్చి, పంట పుష్కలంగా వచ్చి, ధర మద్దతు ధర కంటే కిందికి జారింది. దేశం లెక్కలో వ్యవసాయం, దాని అనుబంధ రంగాల వృద్ధి 2023-24లో 2.7 శాతం, 2024-25లో 4.6 శాతం. లెక్క తప్పు కాదు. అది పండిన పంటని కొలుస్తుంది, రైతు చేతికొచ్చిన డబ్బుని కాదు. ఎక్కువ పండిన ఏడాదే రైతు మీ దగ్గర అరువు పెట్టడం మీకు కొత్తేం కాదు.

పైగా ఆ 4.6లో పంటల వాటా సగం కంటే కొంచెం ఎక్కువే తప్ప మొత్తం కాదు. పాలు, గుడ్లు, మాంసం, చేపలు, రొయ్యలు అన్నీ కలిపి ఆ అంకె. దేశం ఉత్పత్తిలో వ్యవసాయ రంగం వాటా 18 శాతం దగ్గర ఉంటే, 2023-24 ఉపాధి సర్వే ప్రకారం దాని మీద బతికేవాళ్లు 46 శాతం. పనిచేసేవాళ్లలో దాదాపు సగం మంది పంచుకునేది రూపాయిలో 18 పైసలు. మిగతా 82 పైసలు ఉన్నచోట వృద్ధి వేగంగా ఉంటే సగటు అంకె బాగానే కనిపిస్తుంది.

రొయ్యల దగ్గరికొద్దాం. మీ చుట్టుపక్కల వాళ్లు చాలామంది దాని మీదే ఉన్నారు. 2023-24లో దేశం నుంచి 17.8 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు వెళ్లాయి, విలువ 60,524 కోట్లు. 2024-25లో టన్నులు 16.98 లక్షలకి తగ్గాయి, విలువ మాత్రం 62,408 కోట్లకి పెరిగింది. వడ్లకి జరిగిన దానికి ఇది సరిగ్గా తిరగేసిన కథ. 2024-25లో గడ్డకట్టించిన రొయ్యలు 7.4 లక్షల టన్నులు వెళ్తే అందులో 3.1 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే. ఒక్క కొనుగోలుదారు మీద అంత ఆధారపడితే ఏమవుతుందో 2025లో చూశాం. ఏప్రిల్లో 10 శాతం అదనపు సుంకం వేశారు, ఆగస్టు మొదట్లో 25 చేశారు, ఆగస్టు 27 నుంచి 50 చేశారు. యాంటీ డంపింగ్ సుంకం (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ సుంకం (సబ్సిడీ తీసుకున్నారని వేసేది) వీటికి అదనం.

దీని దెబ్బ ఎవరి మీద పడిందో దగ్గర్నుంచి చూస్తేనే తెలుస్తుంది. అమెరికా కొనేది ఎక్కువగా పెద్ద సైజు, అంటే 30, 40 కౌంటు (కిలోకి తూగే రొయ్యల సంఖ్య) సరుకు. సుంకం వార్త వచ్చిన రోజే ఆ కౌంట్ల రేటు దిగుతుంది. రైతు అప్పటికే మేత, సీడు, కరెంటు, డీజిలు అన్నిటికీ పెట్టుబడి పెట్టేసి ఉంటాడు. ఇంకో పదిహేను రోజులు చెరువులో ఉంచితే రేటు వస్తుందేమోనని చూస్తే మేత ఖర్చు పెరుగుతుంది, తెల్లమచ్చ తెగులు వస్తే అసలుకే మోసం. అందుకని చిన్న సైజులోనే పట్టేస్తాడు. ఎగుమతిదారు దగ్గర మాత్రం ముందే పంపేసిన సరుకు ఉంటుంది. సుంకాలు పడేలోపు ఓడ ఎక్కించేద్దామని ఆ ఏడాది మొదటి నెలల్లో చాలా రంగాల వాళ్లు తొందరపడ్డారు. ఏప్రిల్-జూన్ వృద్ధి 7.8 శాతంగా కనపడటంలో ఆ తొందరకీ కొంత వాటా ఉంది. సుంకాలు తగ్గినా పెరిగినా, ఈ రంగంలో ఒక పంట బాగుందని చూసి రెండేళ్ల ప్లాను వేయకూడదనేది నా గట్టి అభిప్రాయం. ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు, ఇటు సింగరాయకొండ, కొత్తపట్నం వైపు మీకు ఎంత అరువు ఉందో విడిగా ఒక కాగితం మీద రాసుకోండి.

పొగాకు గురించి ఎక్కువ చెప్పను. 2024లో కొండపి, టంగుటూరు, వెల్లంపల్లి వేలం కేంద్రాల్లో రేట్లు పలికిన తీరు చూసి అందరూ నాట్లు పెంచారు, 2025లో నో బిడ్లు, అంటే ఎవరూ పాట పాడని బేళ్లు చూశారు. వేలంతో సంబంధం లేని నల్ల బర్లీ పరిస్థితి మరీ అన్యాయం, కంపెనీలు వెనక్కి తగ్గితే చివరికి రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ (సహకార మార్కెటింగ్ సమాఖ్య) ద్వారా కొనాల్సి వచ్చింది. గ్రానైట్‌కి చైనాలో ఇళ్ల నిర్మాణం 2021 నుంచి కుదేలవడం పెద్ద దెబ్బ. చీమకుర్తి గెలాక్సీ (నల్ల గ్రానైట్) బ్లాకులు ఎక్కువగా పోయేది అటే. 2025 సెప్టెంబరు నుంచి బ్లాకుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది కానీ, కొనేవాడు లేనప్పుడు పన్ను తగ్గింపు ఎంతవరకు పనిచేస్తుంది?

ఇక మీ రంగం, నిర్మాణం. మీకు అసలు తికమక ఇక్కడే వచ్చి ఉంటుంది. 2023-24లో 10.4 శాతం, 2024-25లో 9.4 శాతం. దేశంలో అన్ని రంగాల్లోకీ గట్టిగా పెరిగినవాటిలో ఇదొకటి. మరి హార్డ్‌వేర్ షాపుకి రావాలి కదా?

ఆ అంకె ఎలా వస్తుందో చూస్తే సమాధానం దొరుకుతుంది. మూడు నెలలకోసారి వేసే అంచనాలో నిర్మాణాన్ని ప్రధానంగా సిమెంటు ఉత్పత్తి, స్టీలు వినియోగం బట్టి కడతారు. ఆ సిమెంటు, స్టీలు ఎక్కడికి పోయాయన్నది దాంట్లో ఉండదు. కేంద్రం 2025-26 బడ్జెట్‌లో పెట్టుబడి వ్యయానికి 11.21 లక్షల కోట్లు పెట్టింది. రోడ్లు, రైల్వే లైన్లు, పోర్టులు. మీ ఊరికి దగ్గర్లోనే రామాయపట్నం పోర్టు పని చూసే ఉంటారు. అక్కడికి సిమెంటు బల్కర్లలో (ట్యాంకర్ లారీల్లో) నేరుగా ఫ్యాక్టరీ నుంచి వస్తుంది, కాంక్రీటు అక్కడే బ్యాచింగ్ ప్లాంటులో కలుస్తుంది, కమ్మీ మిల్లు నుంచి లారీల్లో దిగుతుంది. కావలి ట్రంకు రోడ్డు మీద షాపుకి అందులో వచ్చేది తాడు, పార, చేతి గ్లౌజులు, మహా అయితే సైటు షెడ్డుకి రేకులు. దేశం లెక్కలో అదంతా నిర్మాణ రంగ వృద్ధే. మీ బతుకుతెరువు వేరే నిర్మాణం మీద ఉంది: సొంతిల్లు కట్టుకునేవాడు, పైన ఇంకో అంతస్తు వేసుకునేవాడు, పెళ్లికి ముందు ఇల్లు బాగుచేయించుకునేవాడు. వాడి చేతిలో డబ్బు ఉందా లేదా అన్నది వడ్లు, రొయ్యలు, లేదా హైదరాబాదులో ఉన్న కొడుకు జీతం చెబుతుంది.

ఇంకొకటి మీరు గమనించారో లేదో. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పన్నుతో కలిపి 350కి అమ్మిన బస్తా, తగ్గింపు మొత్తం కిందికి వదిలితే 323 దగ్గరికి రావాలి. వంద బస్తాలకి 35,000 వచ్చే చోట 32,300 వస్తుంది. బస్తాలు తగ్గలేదు, గల్లా తగ్గింది. "బేరం నిలబడిపోయింది" అని మీకనిపించడంలో ఇది కొంత ఉండొచ్చు. అందుకని గల్లా చూడకండి, పోయినేడు ఇదే నెలలో ఎన్ని బస్తాలు, ఎన్ని టన్నుల కమ్మీ అమ్మారో చూడండి. కమ్మీ మీద పన్ను 18 శాతమే ఉంది, మారలేదు, కాబట్టి కమ్మీ లెక్క మిమ్మల్ని మోసం చేయదు.

తయారీ రంగం గురించి రెండు ముక్కలు. 2023-24లో 12.3 శాతం, మరుసటి ఏడాది 4.5, ఆ తర్వాత 2025 జులై-సెప్టెంబరులో 9.1. ఇంత ఊగిసలాటని నేను పెద్దగా పట్టించుకోను. ముడిసరుకు ధరలు పడినప్పుడు ధరలు తీసేసే పద్ధతి వల్ల ఈ రంగం ఉన్నదానికంటే బాగా కనిపిస్తుందని ఆర్థికవేత్తలు చాలాకాలంగా అంటున్నదే. లెక్కల ఆధార సంవత్సరాన్ని (ఏ ఏటి ధరలతో లెక్కేస్తారో ఆ ఏడాదిని) 2011-12 నుంచి 2022-23కి మార్చే పని కేంద్ర గణాంక శాఖ పెట్టుకున్నది కూడా ఇలాంటివి సరిచేయడానికే. ఇక్కడ నేను చెప్పిన వృద్ధి అంకెలన్నీ పాత 2011-12 శ్రేణివి, కొత్త శ్రేణిలో అవి వేరుగా కనిపిస్తే కంగారు పడకండి. మన వైపు ఫ్యాక్టరీ అంటే తడ దాటాక శ్రీసిటీ. దాని వల్ల సూళ్లూరుపేట, తడ వైపు అద్దెలు పెరిగాయి, కావలిదాకా ఆ గాలి రాదు.

సేవల రంగమే ఈ మొత్తం బండిని లాగుతోంది. 2024-25లో ఫైనాన్స్, రియల్ ఎస్టేట్, ఐటీ లాంటి వృత్తి సేవలు కలిపిన పద్దు 7.2 శాతం, ప్రభుత్వ పాలన, రక్షణ, ఇతర సేవల పద్దు 8.9 శాతం పెరిగాయి. ఇందులో ఒక తమాషా ఉంది: మీరు మీ సొంతింట్లో ఉంటుంటే, ఆ ఇంటికి ఎంత అద్దె వచ్చేదో అంచనా వేసి దాన్ని కూడా జీడీపీలో కలుపుతారు. మీ జేబులోకి పైసా రాకుండానే మీరు రియల్ ఎస్టేట్ సేవలు అందించినట్టు. ప్రపంచమంతా పద్ధతి అదే, తప్పు పట్టేదేం లేదు. జిల్లా తలసరి ఆదాయం చూసినప్పుడు కూడా ఇలాంటి జాగ్రత్తే కావాలి. ముత్తుకూరు పక్కన థర్మల్ కేంద్రాలు తయారుచేసే కరెంటు విలువ నెల్లూరు జిల్లా ఉత్పత్తిలోనే కలుస్తుంది. అందులో వడ్డీ అప్పిచ్చినవాళ్లకి, లాభం వాటాదార్లకి పోతుంది. జిల్లాలో మిగిలేది కొంత జీతం, కొంత కాంట్రాక్టు పని, చాలా బూడిద.

ఇంతకీ గోడౌన్.

బ్యాంకు వాళ్లు "ఇస్తామంటున్నారు" అన్నది అర్హతకి గుర్తే కానీ అవసరానికి కాదు. బ్రాంచికి టార్గెట్ ఉంటుంది, నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే. మీ ప్రశ్నలో నాకు గోడౌన్ కంటే "అరువులు పెరిగాయి" అన్న మాట ఎక్కువ టెన్షన్ పెట్టింది. మీకు సీసీ లిమిట్ (క్యాష్ క్రెడిట్, సరుకు, బాకీల మీద బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు) ఉంటే నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లో 90 రోజులు దాటిన బాకీలని మామూలుగా బ్యాంకు లెక్కలోకి తీసుకోదు. అంటే పాత అరువు పెరిగేకొద్దీ మీరు వాడుకోగల డబ్బు తగ్గుతుంది. ఆ సమయంలో గోడౌన్ కిస్తీ నెత్తిన పడితే, సీసీలోంచి తీసి కిస్తీ కట్టడం మొదలవుతుంది. షాపులు చెడిపోవడం నేను ఎక్కువగా చూసింది ఈ దారిలోనే. బేరం లేక మూతపడ్డవి తక్కువ.

ముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి ఖర్చు లేదు. రెపో రేటు (రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే రేటు) 2025 ఫిబ్రవరికి ముందు 6.5 శాతం ఉంటే డిసెంబరుకి 5.25 అయింది. చిన్న పరిశ్రమలు, వ్యాపారాలకి 2019 అక్టోబరు తర్వాత ఇచ్చిన ఫ్లోటింగ్ రేటు అప్పులు రెపో లాంటి బయటి రేటుకి ముడిపెట్టి ఉండాలి, మూడు నెలలకోసారైనా సవరించాలి. మీ సీసీ అంతకంటే పాతదై ఎంసీఎల్ఆర్ (బ్యాంకు తన సొంత ఖర్చుని బట్టి వేసుకునే రేటు) మీదే నడుస్తుంటే తగ్గింపు మీకు పూర్తిగా అంది ఉండదు. బ్రాంచికి వెళ్లి "నా అప్పు దేనికి ముడిపడి ఉంది, పోయినేడు వడ్డీ ఎంత, ఇప్పుడెంత" అని రాతపూర్వకంగా అడగండి. మార్పించుకుంటే వచ్చే మిగులు గోడౌన్ అద్దెలో కొంత భాగమవుతుంది.

తర్వాత అరువు ఖాతాదార్లని మూడు కుప్పలుగా విడదీయండి: వడ్లు, పొగాకు మీద బతికేవాళ్లు ఒకటి, రొయ్యల వాళ్లు ఒకటి, జీతగాళ్లు, బయటి ఊళ్ల నుంచి పిల్లలు డబ్బు పంపేవాళ్లు ఒకటి. మూడో కుప్ప బాకీలు వేళకి వస్తుంటే, అమ్మకంలో వాళ్ల వాటా పెరుగుతుంటే, మీరు సేవల రంగం వృద్ధిని కావలిలో కూర్చునే అందుకుంటున్నట్టు. వాళ్లు కొనేది కూడా వేరు: శానిటరీ, లైట్లు, రంగులు, మంచి కంపెనీ ట్యాపులు. దానికి పెద్ద గోడౌన్ అక్కర్లేదు, మంచి షోరూం కావాలి. సిమెంటు, కమ్మీ నిల్వకే గోడౌన్ అనుకుంటే మొదటి రెండు కుప్పల మీద పందెం కాసినట్టు.

రామాయపట్నంలో బీపీసీఎల్ (భారత్ పెట్రోలియం) రిఫైనరీ వస్తుందని స్థలాల రేట్లు పెంచి చెప్పే బ్రోకర్ల మాట విని మాత్రం కొనకండి. 2024 డిసెంబరులో ఆ కంపెనీ బోర్డు 6,100 కోట్లు ఒప్పుకున్నది ప్రాజెక్టు ముందస్తు పనులకి. అసలు నిర్మాణం, అందులో పనిచేసేవాళ్లు మీ ఊళ్లో ఇళ్లు కట్టుకోవడం ఆ తర్వాతి ముచ్చట.

నేనైతే ప్రస్తుతానికి గోడౌన్ అద్దెకి తీసుకుంటాను, పదకొండు నెలల అగ్రిమెంటు మీద. కొనే సంగతి ఎండాకాలం వడ్ల కోతలు, పొగాకు వేలం, మొదటి పంట రొయ్యల పట్టుబడి మూడూ అయ్యాక, మొదటి రెండు కుప్పల్లో 90 రోజులు దాటిన బాకీ సగానికైనా దిగితే అప్పుడు చూడండి. ఈలోగా మీ సీసీ లిమిట్ ఎంత, నెలకి ఎన్ని టన్నుల కమ్మీ పోతోంది, పాత బాకీ ఎంత అన్నది ఇక్కడ రాస్తే కిస్తీ ఎంతవరకు మోయగలరో లెక్క వేసి చెబుతాను.